సరోవర ప్రదక్షిణము

ప్రయాణములు రెండు విధములు. ఒకచోటినుండి మరియొకచోటికి పోవుట మొదటిది. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చుట రెండవది. మొదటి దానియందు గమ్యము వేరు, మార్గము వేరు; గమ్యము చేరినంతనే మార్గము మఱపునకు వచ్చును. రెండవ దానియందు ఎచట అడుగు మోపి బయలుదేరుదుమో, అచటనే అడుగు నిలుచును. లోకదృష్టికి ఇది వ్యర్థప్రయాసగా తోచవచ్చును. కాని మన పూర్వులు ఈ రెండవ ప్రయాణమునకే పూజయందు స్థానమిచ్చి, దానికి ప్రదక్షిణమని పేరిడిరి.

కార్తికమాసమున ఆలయము చుట్టును తిరుగు వృద్ధురాలిని చూడుడు. ఆమె శాస్త్రములు చదివి యుండకపోవచ్చును. నడుమ స్వామి యున్నాడు, ఆయన చుట్టును తన బ్రదుకు తిరుగుచున్నది అను భావము మాత్రము ఆమె అడుగడుగునందును కలదు. అరుణాచలమున భక్తులు కొండనే శివస్వరూపముగా నెంచి, దాని చుట్టును 14 కిలోమీటర్లు నడతురు. నర్మదా పరిక్రమ చేయువారు నదిని దాటక, ఒక ఒడ్డున ఎగువకు పోయి, మూలస్థానమును చుట్టి, రెండవ ఒడ్డున దిగువకు వత్తురు. గుడియైనను, గిరియైనను, నదియైనను నియమమొక్కటియే: నడుమ నున్నదానిని ఆక్రమింపరాదు, దానికి దూరము కారాదు.

వినాయక వ్రతకథ వినని తెలుగు ఇల్లు లేదు. గణాధిపత్యమునకై ముల్లోకములందలి తీర్థములలో స్నానము చేసి ముందుగా రమ్మని శివుడు కుమారుల నిరువురను ఆజ్ఞాపించెను. కుమారస్వామి నెమలినెక్కి వేగముగా సాగిపోయెను. మందగమనుడైన విఘ్నేశ్వరుడు నారాయణ మంత్రమును జపించుచు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసెను. కుమారస్వామి ఏ తీర్థమునకు పోయినను, అచట స్నానము ముగించి ఎదురు వచ్చుచున్న అన్నయే కనబడెను. తిరిగినవారు ఇరువురును తిరిగినవారే. ఒకని తిరుగుటయందు వేగము కలదు. మరియొకని తిరుగుటయందు కేంద్రము కలదు. వాహనమెక్కి తిరుగువానికి ఈ కేంద్రము దొరకదా? నెమలి కుమారస్వామికి అడ్డమైనట్లు, చక్రములు మానవునకు అడ్డమగునా? దూరదేశమందలి ఒక సరస్సు చుట్టును సైకిలుపై ఒంటరిగా తిరిగి వచ్చు యాత్రను పరిశీలించినచో, ఈ ప్రశ్నకు సమాధానము లభింపగలదు.

వీణపేరు గల సరస్సు

జపాను దేశమున, క్యోటో నగరమునకు తూర్పున, షిగా మండలమునందు బివా సరోవరము కలదు. ఆ దేశమందలి సరస్సులలో ఇదియే పెద్దది. వైశాల్యము సుమారు 670 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి లోతైనచోట సుమారు 104 మీటర్లు. దీని ఆయుర్దాయము నలువది లక్షల సంవత్సరములకు చేరువయని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వందకు పైగా నదులును, వాగులును చుట్టునున్న కొండలనుండి దిగివచ్చి ఇందు కలియును. సహజముగా వెలుపలికి పోవు నది మాత్రము ఒక్కటే. దక్షిణపు కొసయందు బయలుదేరు ఆ నదికి సేతా యని పేరు. ఎన్నియో ముఖములతో గ్రహించి, ఒకే ముఖముతో ఇచ్చు ఈ సరస్సు కోటికిపైగా ప్రజలకు త్రాగునీరు సమకూర్చుచున్నది.

బివా యనగా ఒడియందుంచుకొని మీటు తంత్రీవాద్యము. సరస్సు ఆకారము ఆ వాద్యమును పోలియుండుటచే ఈ పేరు వచ్చినదని చెప్పుదురు. ఉత్తరభాగము వాద్యపు కడుపువలె విశాలము, గంభీరము. దక్షిణభాగము మెడవలె సన్నము. అచట సగటు లోతు నాలుగు మీటర్లు మాత్రమే. ఉత్తరపు నీటి నడుమ చికుబు అను చిన్న ద్వీపము కలదు. అందు వెలసిన దేవత ఎవరో వినిన తెలుగు పాఠకులకు ఆనందము కలుగక మానదు. ఆమె మన సరస్వతియే. బౌద్ధధర్మముతోపాటు భారతదేశమునుండి చీనాకును, చీనానుండి జపానుకును చేరి, బెంజైతెన్ అను పేర ఆమె అచట పూజలందుకొనుచున్నది. వీణకు మారుగా బివాను ధరించినది. క్రీ.శ. 724లో ఆ ద్వీపమున ఆమెకు ఆలయము ఏర్పడినదని అచటి సంప్రదాయము.

ఈ సరస్సు చుట్టును సైకిలుపై తిరిగి వచ్చుట ఇటీవలి దశాబ్దములలో ప్రసిద్ధికెక్కినది. పూర్తి మార్గము సుమారు 200 కిలోమీటర్లు. 2019లో జపాను ప్రభుత్వము దీనిని జాతీయ సైకిలు మార్గములలో ఒకటిగా గుర్తించినది. బలిష్ఠులు ఒక్క దినముననే ముగింతురు. తక్కినవారు రెండు మూడు దినములు తీసికొందురు. అచట వాహనములు రోడ్డుకు ఎడమప్రక్క నడచును గనుక, సరస్సును ఎడమచేతి వైపున ఉంచుకొని తిరుగుడని యాత్రికులకు సలహా నిత్తురు. అట్లు చేసిన నీటికి దగ్గరగా, రోడ్డు దాటు పనిలేక పోవచ్చును. ఇది అప్రదక్షిణము కాదాయని మన పాఠకులు శంకింపవచ్చును. పూజ్యవస్తువును కుడివైపున నుంచుకొనుట ఆదరమునకు చిహ్నము. కాని తోటి మానవుని ప్రాణమునకు అపాయము కలుగకుండ నడచుకొనుట ఆదరమునకు మూలము. మూలమును విడిచి చిహ్నమును పట్టుకొనుట ధర్మజ్ఞుల పద్ధతి కాదు.

ఒంటరి యాత్రికుడు

ఇట్టి యాత్రకు బయలుదేరిన ఒక మనిషిని పాఠకులు ఊహించుకొందురు గాక. అతనికి పేరు అక్కరలేదు. వయస్సు యాభై దాటినది. ఇరువురు మిత్రులు కలిసి ఈ సరస్సును పూర్తిగా చుట్టి రావలెనని ఏండ్లక్రితమే అనుకొనిరి. ఉద్యోగములు, సంసారములు అడ్డు వచ్చినవి. వచ్చే ఏడు, ఆపై ఏడు అని వాయిదాలు వేయుచుండగా వారిలో ఒకనిని వ్యాధి తీసికొనిపోయినది. మిగిలినవాడు ఒక వసంతకాలపు ఉదయమున ఒంటరిగా సైకిలెక్కెను. ఉత్తర దక్షిణ భాగములు రెండును విడువక చుట్టుదునని మనస్సులో సంకల్పము చేసికొనెను. ఆ సంకల్పము విన్న మనిషి మరియొకడు లేడు. వినవలసినవాడు బ్రదికి లేడు.

సరస్సు నడుము సన్నబడినచోట, తూర్పుతీరమున మోరియామా అను పట్టణము కలదు. అతడు అచటినుండి ఉత్తరముగా సాగెను. తూర్పుతీరము సమతలము. ఎడమవైపున నీరు, కుడివైపున వరిపొలములు. తొలి గంటలయందు మనస్సు పక్షివలె ఎగిరినది. దానితోపాటే అహంకారమును ఎగిరినది. ఎంత వేగముగా పోవుచున్నాను, ఎందఱిని దాటితిని అని క్షణక్షణము లెక్క చూచుకొనుటయే పనియైనది. సైకిలుకు తగిలించిన యంత్రము దూరమును, వేగమును చూపుచుండగా, అతని కన్నులు సరస్సుపై కంటె ఆ అంకెలపైననే నిలిచినవి. జపమాల త్రిప్పుచు ఎన్ని వేలు పూర్తియైనవని మాత్రమే చూచుకొను సాధకునకును ఇతనికిని భేదము లేదు. నెమలినెక్కిన కుమారస్వామి స్థితి ఇదియే.

మధ్యాహ్నమునకు కాళ్లు బరువెక్కినవి. అప్పుడు రెండవ అవస్థ వచ్చినది, అది దుఃఖము. ప్రక్కన ఉండవలసిన సైకిలు లేదు. చూపింపదగిన దృశ్యము కనబడినప్పుడెల్ల తల ప్రక్కకు తిరుగును. అచట ఎవరును లేరు. ఒంటరితనము వేరు, ఏకాంతము వేరు. తోడు లేదని వగచునది ఒంటరితనము. తోడు లోపలనే కలదని తెలిసికొన్నది ఏకాంతము. గీత ఆఱవ అధ్యాయమున యోగిని ఏకాంతమున ఉండుమని భగవానుడు బోధించినది మనుష్యులను ద్వేషించుటకు కాదు, ఈ రెండవ తోడును గుర్తించుటకే. కాని మొదటిది రెండవదిగా మారుట ఎట్లు? కోరినంతమాత్రమున మారదు. దానికొక పరీక్ష కలదు. ఎవరును చూడనిచోట మనుష్యుడు ఏమి చేయును అనునదే ఆ పరీక్ష.

ఎవరును చూడనిచోట

ఈ పరీక్షయందు నెగ్గినవారి గురుతులు ఆ సరస్సు చుట్టునే కలవు. ఈశాన్యతీరమున నగహామాకు ఉత్తరముగా, చిన్నచిన్న పల్లెలలో అవలోకితేశ్వరుని ప్రాచీన విగ్రహములు కలవు. కరుణామూర్తియైన ఆ బోధిసత్త్వుని జపానువారు కన్నన్ అందురు. 1570 ప్రాంతమున ఆ భూములు యుద్ధరంగములై, ఆలయములు మంటలపాలైనవి. అందొక పల్లెప్రజలు పదునొకండు శిరస్సుల కన్నన్ విగ్రహమును మంటలనుండి తప్పించి మట్టిలో పాతిపెట్టి కాపాడిరని చెప్పుదురు. వేయి సంవత్సరములు దాటిన ఆ విగ్రహము నేడు ఆ దేశపు జాతీయ సంపదగా గణింపబడుచున్నది. నేటికిని ఆ ప్రాంతమందలి పెక్కు మందిరములలో పూజారి నివసింపడు. రైతులు, ఉద్యోగులు, వృద్ధులు వంతులు వేసికొని తుడిచి, దీపము పెట్టి, తాళపుచెవి దాచియుంచుదురు. యాత్రికుడు వచ్చినప్పుడు వంతువాడు వచ్చి తలుపు తీయును. రానిదినమునను మందిరము తుడువబడియే యుండును. చూచువారున్నప్పుడు చేయు సేవకును, చూచువారు లేనప్పుడు చేయు సేవకును భేదము లేకుండుటయే ఆ పల్లెల సాధన.

సరస్సునకు పడమట నైఋతి మూలగా హియే పర్వతము నిలిచియున్నది. సైచో అను ఆచార్యుడు 788లో దానిపై కుటీరము నిర్మించుకొనెను. అదియే ఎన్ర్యాకుజి అను మహావిహారమైనది. అచటి తెందై సంప్రదాయమువారు తమ గురుపరంపరయందు ఆచార్య నాగార్జునుని ఆదిపురుషునిగా స్మరింతురు. కృష్ణాతీరపు శ్రీపర్వతముతో ముడివడిన ఆ పేరు అంత దూరమున నిత్యస్మరణకు నోచుకొన్నదని తెలిసినప్పుడు, ఆంధ్రులకు ఆ పర్వతము పరాయిది కాదని తోచును.

ఆ విహారమందు వేయిదినముల పర్వతప్రదక్షిణ వ్రతమొకటి కలదు. సోఓ అను తొమ్మిదవ శతాబ్దపు సన్న్యాసి దీనిని ప్రారంభించెనని ప్రతీతి. వ్రతము ఏడు సంవత్సరములు సాగును. మొదటి మూడేండ్లు ఏడాదికి నూరు దినముల చొప్పున, అర్ధరాత్రి దాటిన పిమ్మట లేచి, గడ్డిచెప్పులు తొడిగి, సుమారు 30 కిలోమీటర్ల కొండదారిని తిరిగి రావలెను. దారిలో వందలకొలది తావులయందు నిలిచి ప్రార్థింపవలెను. చెట్టునకు, రాతికి, నీటిబుగ్గకు గూడ అందు నమస్కారము కలదు. ఏడువందల దినములు ముగిసిన పిమ్మట తొమ్మిది దినములు ఆహారము, నీరు, నిద్ర, పడక నాల్గును విడిచి జపము చేయవలెను. చివరి యేట కొంతకాలము దినమునకు 84 కిలోమీటర్ల వరకు నడువవలెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఈ వ్రతమును పూర్తిచేసినవారు ఇరువదిమందికి లోపే.

ఇట్టి తపస్సును వర్ణించినప్పుడు వినువారు కిలోమీటర్లను చూచి ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యపడవలసినది దానికి కాదు. చీకటిలో, మంచులో, ఒంటరిగా పోవు సన్న్యాసి ఒక నమస్కారమును విడిచినచో ఎవరికి తెలియును? ఒక మలుపును తగ్గించినచో ఎవరు అడుగుదురు? అయినను అతడు విడువడు. నడచునది కాళ్లతో అయినను, వ్రతము నిలుచునది సత్యముపై.

వంతెన

మన యాత్రికుడు ఉత్తరతీరమున రాత్రి గడిపి, మఱునాడు కొండల నడుమనున్న సొరంగములు దాటి, పడమటి తీరమున దిగువకు వచ్చెను. దూరమున చికుబు ద్వీపము నీలపు నీటిపై నిలిచియున్నది. సైకిలుపై పోవువానికి అది కనబడును గాని అందదు, పడవ ఎక్కవలసినదే. ఆ దేవతను దూరమునుండి చూచుచు గంటలకొలది ఆమె చుట్టును తిరుగుటలో అతని మనస్సు నెమ్మదించినది. అంకెలు చూచుట తగ్గినది. హిరా కొండలనుండి దిగు గాలి ప్రక్కనుండి కొట్టి సైకిలును ఊపుచుండెను. ఆ గాలికి నిలుచుటకు ఉపాయమొక్కటే: ఆగకుండుట. నిలిచిన సైకిలు పడిపోవును, సాగుచున్నది నిలుచును. కఠోపనిషత్తు శరీరమును రథముగా, బుద్ధిని సారథిగా, మనస్సును కళ్లెముగా, ఇంద్రియములను గుఱ్ఱములుగా వర్ణించినది. ఈ రథమునకు గుఱ్ఱము వేరుగా లేదు. లాగువాడును, నడుపువాడును ఒక్కడే. కావున అలసట వచ్చినప్పుడు గుఱ్ఱము మాట వినవలెనా, సారథి మాట వినవలెనా అను వివాదము వాని యందే పుట్టును.

ఆ వివాదము సాయంకాలము కటాటా అనుచోట పుట్టినది. అచట సరస్సు సన్నబడి, తూర్పుతీరము ఎదురుగా కనబడును. ఇంచుమించు 1,400 మీటర్ల వంతెన 1964 నుండి ఈ రెండు తీరములను కలుపుచున్నది. దాని ఆవలి కొసయే మోరియామా. అతడు బయలుదేరిన చోటు. వంతెన ఎక్కినచో కొలది నిముషములలో యాత్ర ముగియును. ఎక్కనిచో దక్షిణభాగము చుట్టును ఇంకను సుమారు 50 కిలోమీటర్లు. అందు అడవులు లేవు, ఇసుకతిన్నెలు లేవు. ఇండ్లు, కార్ఖానాలు, దీపస్తంభములు, సాయంకాలపు వాహనముల రద్దీ. చాలమంది యాత్రికులు ఉత్తరభాగమును మాత్రమే చుట్టి, దానినే సరోవరయాత్రగా లెక్కించుకొందురు. అందు దోషమేమియు లేదు. వారు సంకల్పించినది అంతయే. ఇతడు సంకల్పించినది మాత్రము అది కాదు.

వంతెనకు చేరువనే నీటిపై స్తంభములమీద నిలిచిన చిన్న బౌద్ధమందిరము కలదు. సరస్సుపై పడవలలో పోవువారు క్షేమముగా ఒడ్డు చేరవలెనని, సకలజీవులు తరింపవలెనని కోరి, వేయి సంవత్సరములక్రితము గెన్షిన్ అను సన్న్యాసి దానిని స్థాపించెనని చెప్పుదురు. యాత్రికుడు అచట సైకిలు నిలిపి కూర్చుండెను. మనస్సు న్యాయవాదివలె వాదింప మొదలిడినది. "ఇంతవరకు చేసినది తక్కువయా? అందఱును ఇచటనే దాటుదురు. పోయినవాడు చూచుచున్నాడా? చీకటి పడుచున్నది, మిగిలిన దారి అందముగా గూడ నుండదు." ఇందొక్కటియు అసత్యము కాదు. మానవుని పడగొట్టు మాటలు చాలవరకు సత్యములే. వానిని పలికించు కోరిక మాత్రమే కపటము.

ఇచట ఒక సూక్ష్మము గలదు. శరీరము నిజముగా శిథిలమైనచో, ప్రాణాపాయము కలదని తోచినచో, వంతెన దాటుట అధర్మము కాదు. ఉపవాసమున మూర్ఛిల్లువానికి నీరిచ్చుట వ్రతభంగమని ఏ శాస్త్రమును చెప్పదు. అట్టివాడు తన సంకల్పమును భగవంతుని పాదములకడ నుంచి, నా శక్తి ఇంతయే యని తలవంచి దాటవలెను. అది శరణాగతి. కాని అలసినది శరీరమా, ఉత్సాహమా? లోపించినది బలమా, చూచువారా? ఈ ప్రశ్నకు వైద్యుడు గాని, మిత్రుడు గాని, చేతనున్న యంత్రము గాని ఉత్తరము చెప్పజాలదు. లోపల సాక్షియై యున్నవాడు ఒక్కడే చెప్పగలడు. ఆ సాక్షి అభిప్రాయమును నిజాయితీతో అడుగుట చేతనే అతడు ఉన్నాడని మొదటిసారిగా తెలియును. అడుగనివానికి అతడు ఉండియు లేనివాడే.

యాత్రికుడు అడిగెను. నీరు త్రాగి, రెండు అన్నపుముద్దలు తిని, కాళ్లు చాచి చూచుకొనెను. బలము కలదు, ఇష్టము మాత్రమే లేదు. అతడు లేచి, దీపము వెలిగించి, వంతెనను ఎడమవైపున విడిచి దక్షిణముగా సాగెను.

చుట్టుదారి

ఈ సరస్సును గూర్చి జపానులో ఒక లోకోక్తి కలదు. తొందరపడువాడు చుట్టుదారిన పోవలెనని దాని భావము. పూర్వము తూర్పుతీరమున యబాసె అను రేవునుండి ఓత్సుకు పడవలు నడచుచుండెడివి. దూరము తక్కువ. కాని కొండలనుండి హఠాత్తుగా దిగు గాలి ఆ పడవలను ఆపుచు, ఒక్కొక్కప్పుడు ముంచుచు నుండెడిది. దక్షిణమున సేతా నదిపైనున్న పొడవైన వంతెనమీదుగా కాలినడకను చుట్టి పోవువాడే నిశ్చయముగా చేరుచుండెడివాడు. ఆ అనుభవమునుండి పుట్టిన మాట ఆ దేశమంతట వ్యాపించినది. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పిన మాటకు ఇది తోబుట్టువు. మన యాత్రికుడు విడిచిన అడ్డదారియు, నాటి పడవల అడ్డదారియు ఈ సన్నని నీటిమీదివే. అతడు పట్టిన దారియు ఆ సేతా వంతెనమీదుగా పోవునదే.

ఆధ్యాత్మిక జీవితమునందు అడ్డదారి ప్రలోభము ఎల్లప్పుడును కలదు. అందమైన ఉత్తరభాగమును అందఱును కోరుదురు. ఉదయపు ధ్యానము, పండుగనాటి భజన, తీర్థయాత్ర, మహాత్ముల సాంగత్యము అట్టివి. రద్దీతో నిండిన దక్షిణభాగము మనకు నచ్చదు. ముసలి తల్లిదండ్రుల సేవ, కార్యాలయమందలి విసుగు పుట్టించు పని, మాటపడి మౌనము వహించుట, చేసిన వాగ్దానమును మఱచిపోయినవారికి గూడ దానిని చెల్లించుట అట్టివి. మొదటిదానిని చేసి, రెండవదానిని వంతెనమీదుగా దాటి, సాధన పూర్తియైనదని తలంచువారు పెక్కురు. కాని సరస్సు రెండు భాగములు కాదు, నీరొక్కటే. ఉత్తరపు లోతులందలి స్వచ్ఛజలము చివరకు ఈ దక్షిణపు కొసకే వచ్చి, ఇచటనే సేతాగా మారి, జనుల దాహము తీర్చుటకు పోవును.

ఆ నీటి చరిత్రలో గూడ ఇట్టి పాఠమే కలదు. 1977 మే నెలలో సరస్సుపై ఎఱ్ఱని తెట్టు వ్యాపించి దుర్గంధము పుట్టినది. ఇంటింటను బట్టలుతుకుటకు వాడు పొడులలోని భాస్వరము నీటిలో చేరి, సూక్ష్మజీవులను మితిమీరి పెంచుట దీనికొక కారణమని తేలినది. ఎవరి ఇంటి తూములోనిది ఎవరు చూడగలరు? అయినను తీరవాసులైన గృహిణులు ముందునిలిచి ఆ పొడులను మానిరి. వాడిన వంటనూనెను సేకరించి సబ్బు చేయించి వాడిరి. 1979లో షిగా మండలసభ భాస్వరముగల పొడుల విక్రయమును నిషేధించు శాసనము చేసినది. మఱుసటియేట అది అమలులోనికి వచ్చినది. శాసనము తరువాత వచ్చినది. ఇంటిలోపలి సంకల్పము ముందు వచ్చినది.

యాత్రికుడు దీపముల నడుమ, లారీల ధ్వనుల నడుమ మెల్లగా సాగెను. అతనికి దర్శనమేమియు కలుగలేదు. కన్నులు మండినవి, చేతులు తిమ్మిరెక్కినవి. సేతా వంతెన దాటి తూర్పుతీరమునకు మరలినప్పుడు అతడు ఒక విషయమును గమనించెను: చాలసేపటినుండి అతని తల ప్రక్కకు తిరుగుటలేదు. మిత్రుని మఱచుట చేత కాదు. ఇచ్చిన మాటను నిలుపుకొనుచున్నంతసేపును ఆ మిత్రుడు లోపలనే యున్నాడు; ప్రక్కన వెదకవలసిన పనిలేదు. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట మోరియామా చేరి సైకిలు దిగెను. నీటికి మ్రొక్కి, గదికి పోయి నిద్రించెను. ఈ సంగతి ఎవరికిని తెలియదు.

లోతులకు చేరు శ్వాస

ఇట్టి కర్మకు ఫలమేమి? సరస్సే సమాధానము చెప్పును. వేసవియందు బివా సరోవరపు పైనీరు వేడెక్కి తేలికయై, అడుగునీటిపై మూతవలె నిలుచును. అప్పుడు గాలిలోని ప్రాణవాయువు అడుగునకు చేరదు. శీతకాలమున పైనీరు చల్లబడి బరువెక్కి, ప్రాణవాయువును తనతో తీసికొని అట్టడుగునకు దిగును. ఏటేట జరుగు ఈ కలయికను అచటివారు సరస్సు తీయు దీర్ఘశ్వాస యందురు. దానివలననే లోతులందలి జీవులు బ్రదుకును. 2019, 2020 సంవత్సరముల శీతకాలములు వెచ్చగా నుండుటచే, లోతైన ఉత్తరభాగమందు ఈ శ్వాస అడుగువరకు చేరలేదు. అంతకుముందు నలువదియేండ్లుగా ఎన్నడును అట్లు జరుగలేదు. 2021లో శ్వాస తిరిగి అడుగునకు చేరినప్పుడు తీరవాసులు ఊపిరి పీల్చుకొనిరి.

మానవుని మనస్సును అట్టిదే. వినిన ఉపన్యాసములు, చదివిన గ్రంథములు, చేసిన యాత్రలు పైనీటియందే వెచ్చగా తేలుచుండును. ప్రశంసల వేడిమి ఉన్నంతకాలము అవి లోపలికి దిగవు. ఎవరును చూడనిచోట, ఇష్టము లేకున్నను, ఇచ్చిన మాటకై చేసిన ఒక చిన్న పని చల్లని నీటివలె బరువెక్కి అట్టడుగునకు దిగిపోవును. అది దిగినట్లు ఆ రాత్రి యాత్రికునకు గూడ తెలియదు. లోతులందు సంస్కారరూపమున జీవించునది అదియే. తరువాతి కష్టమునందు వానిని నిలుపునదియు అదియే.

నెమలియైనను, సైకిలైనను, కాళ్లయైనను ప్రదక్షిణమునకు అడ్డము కావు. నడుమ సత్యమున్నచో ప్రతి చక్రభ్రమణమును పూజయే. ప్రతివాని జీవితమునందును ఒక సరస్సు కలదు. దానికొక దక్షిణభాగము కలదు. దానిని తప్పించుకొనుటకు ఒక వంతెనయు కలదు. ఆ వంతెన ఎదుట నిలిచిన సాయంకాలమున, లోపలి సాక్షిని అడుగు నిజాయితీని, అతడు చూపిన దారిన పోవు బలమును, బలము చాలనినాడు తలవంచు వినయమును భగవంతుడు అందఱకును ప్రసాదించుగాక!